ఎదురొచ్చే మనిషి

పాలెంలో కొత్త పడవ నీళ్ళలో దిగాలంటే టెంకాయ కొట్టడానికి పాలెం పెద్దగా ఉండే కాపు రావాలి, తొయ్యడానికి మగవాళ్ళు రావాలి, ఇంజను చూడడానికి కోట టౌను నుంచి మెకానిక్కు రావాలి. వీళ్ళందరూ వచ్చి నిలబడినా పేరమ్మ ఎదురు రానిదే పడవ ఇసకలోంచి కదలదు. ఆమె తలస్నానం చేసి, మొహానికి పసుపు రాసుకుని, రూపాయంత బొట్టు పెట్టుకుని, నీళ్ళు నిండిన ఇత్తడి బిందె చంకన పెట్టుకుని, అలల దగ్గర నుంచి పడవకు ఎదురుగా నడిచి వస్తుంది. "పోయి రండి నాయనా, నిండుగా రండి" అని నవ్వుతుంది. ఆ నవ్వు చూశాకే భుజాలు పడవకు ఆనుతాయి. కొత్త పడవకే కాదు, కొత్త వలకీ, బాగుచేయించిన ఇంజనుకీ, నెలల తరబడి వేట సరిగా పడక దిగాలుగా ఉన్నవాడికీ పేరమ్మే ఎదురు రావాలి. పేరమ్మ మొహం మంచిది. పాలెంలో ఈ మాట కాదన్నవాళ్ళు లేరు.

ఆ మొహంలో సగం పనిచేయకుండా పోతుందని నెల్లూరులో డాక్టరమ్మ చెబుతోంది.

డాక్టరమ్మ పేరు క్యాథరిన్. సన్నగా, పొట్టిగా, మెడలో చిన్న శిలువ వేసుకుని ఉంటుంది. బల్లమీది కాగితం ముందుకు లాక్కుని చెవి బొమ్మ వేసింది. చెవి కింద ఒక గడ్డ. గడ్డలోంచి బయటికి గీతలు గీసింది, ఒకటి కంటికి, ఒకటి బుగ్గకి, ఒకటి మూతికి.

"ఇది నోట్లో ఎంగిలి ఊరే గ్రంథి పేరమ్మగారూ. పోయినసారి గడ్డ తీసినప్పుడు ఈ నరాన్ని తప్పించి తీయగలిగాను. ఇప్పుడు గడ్డ మళ్ళీ వచ్చింది, నరాన్ని చుట్టుకుని వచ్చింది. ఈసారి నరంతో సహా తీయాలి. మెడలో గడ్డలు కూడా తీయాలి."

"నరం తీస్తే ఏమవతదమ్మా?"

"ఎడమ కన్ను మూతపడదు. ఎడమ బుగ్గ జారుతుంది. మూతి కుడివైపుకి లాగేస్తుంది. నవ్వు ఒక పక్కకే వస్తుంది. కాలిలోంచి ఒక నరం తీసి అక్కడ అతుకుతాను. ఏడాది గడిచాక కొంత కదలిక రావొచ్చు. మునుపటిలా మాత్రం రాదు. మీకు అబద్ధం చెప్పను."

పేరమ్మ పక్కకి తిరిగి కొడుకు వంక చూసింది. వినోద్ గోడమీది క్యాలెండరు చూస్తున్నాడు. పడవ నడిపే మనిషి, గాలి ఎటు తిరిగినా కనిపెట్టే మనిషి, ఆ క్యాలెండరులో ఏం కనిపెడుతున్నాడో తెలియదు.

"అసలు పోయినసారి కరెంటు ఎందుకు సగంలో ఆపేశారు?" అంది డాక్టరమ్మ. రేడియేషన్‌ను పేషెంట్లు అలాగే అంటారు కాబట్టి ఆమె కూడా అలాగే అంటుంది. "ఎన్ని ఫోన్లు చేయించాను! పూర్తిగా పెట్టించుకుని ఉంటే ఇది తిరిగి వచ్చేది కాదేమో."

ఈ మాటకు వినోద్ క్యాలెండరు వదిలి నేల చూశాడు. "సర్కారోళ్ళు పెట్టే వేట బందు అయిపోయింది మేడం. బందు అయిపోయినాక పడవలన్నీ ఒకే రోజు దిగతాయి. అమ్మ ఎదురు రావాల గదా. కరెంటుకి మొహం కమిలిపోతా ఉండింది. కాపులు కూడా వచ్చి అడిగినారు, అందుకని..."

"ఎదురు రావడమంటే?"

పేరమ్మే చెప్పింది. బిందె సంగతి, బొట్టు సంగతి, అలల దగ్గర నుంచి నడిచి రావడం, అన్నీ చెప్పింది. చెబుతున్నంతసేపూ వీపు నిటారుగా పెట్టుకుని కూర్చుంది. డాక్టరమ్మ పెన్ను మూత తీస్తూ పెడుతూ వింది.

"దానికోసమా అమ్మా?"

"మావోళ్ళు పోయేది సముద్రం మీదకమ్మా. కత్తి పట్టుకునే ముందు నువ్వు కళ్ళు మూసుకోని ప్రార్థన చేస్తావంట గదా. నర్సమ్మ చెప్పింది. ఇదీ అట్లాంటిదే."

డాక్టరమ్మ దీనికి కోప్పడలేదు. కుర్చీ దగ్గరికి లాక్కుని, పేరమ్మ ఎడమ బుగ్గమీద రెండు వేళ్ళు ఆనించింది. "బుగ్గలు పూరించండి. ఇప్పుడు కళ్ళు గట్టిగా మూయండి." పేరమ్మ మూసింది. ఎడమ రెప్ప కింద సన్నగా వెలుతురు కనబడుతూనే ఉంది. అది ఆమెకు ఇంతవరకూ తెలియదు.

"చూశారా? నరం ఇప్పటికే చస్తోంది. నేను తీయకపోతే గడ్డే తినేస్తుంది. మొహం ఎలాగూ పోతుంది పేరమ్మగారూ. మొహంతో పాటు మనిషి కూడా పోవాలా అన్నదొక్కటే మీరు తేల్చుకోవలసింది."

"ఆలోచించుకోని చెప్తాం."

"ఆలోచించుకోండి. కానీ ఎక్కువ రోజులు వద్దు. మీరు తేల్చుకునేదాకా అది ఆగదు."

కోట బస్సులో తల్లీకొడుకులు పక్కపక్కనే కూర్చున్నారు. వరిపొలాలు పోయి రొయ్యల గుంతలు వచ్చాయి, గుంతలు పోయి సరుగుడు తోటలు వచ్చాయి. దిగే చోటు దగ్గర పడ్డాక వినోద్ అన్నాడు.

"నీ ఇష్టం మో."

పేరమ్మకు ఒళ్ళు మండింది. "నా ఇష్టమైతే గడ్డే రాకూడదు రా! ఏదో ఒకటి చెప్పు. చేపించుకోమను, లేకుంటే వద్దను. కొడుకువి గదా."

వినోద్ కిటికీలోంచి బయటికి చూస్తూ మెల్లిగా, "చేపించుకో" అన్నాడు. ఆ మాట ఆమె మొహం చూసి అనలేదని పేరమ్మకు బస్సు దిగాక గుర్తొచ్చింది.

*

పేరమ్మ మొగుడు కామాక్షయ్య అరుగుమీద కాళ్ళు చాపుకుని వల బాగుచేస్తున్నాడు. మోకాళ్ళు పోయాక అతను సముద్రం మీదికి పోవడం లేదు. చిరిగిన వల కన్ను దగ్గర దారం ముడేసి, పంటితో కొరికి, మళ్ళీ ఇంకో కన్ను వెతుక్కుంటాడు. పేరమ్మ చెప్పిందంతా విన్నాడు. ఒక కన్ను ముడేసి, ఇంకో కన్ను ముడేశాడు.

"చేపించుకో" అన్నాడు.

"మొహం వంకర పోద్దంట."

"పోతే పోనీ. పెళ్ళిచూపుల్లో నేనేం నీ మొహం చూసినానా? తల దించుకోని కూచున్న్యావు. పాపిట తప్ప ఏమీ కనపళ్ళా."

పేరమ్మకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. "ఊళ్ళో వాళ్ళకి కావాల గదయ్యా నా మొహం."

"ఊళ్ళో వాళ్ళకి కావాల్సింది నీ మొహం. నాకు నువ్వు కావాల. ఎవురి మాట ఇంటావో నీ ఇష్టం." దారం తెంపి ఉండ చుట్టాడు. "ఇదిగో, నువ్వు పోతే ఉష చేసే పులుసు తినాల్నేను. అది గుర్తుపెట్టుకో."

లోపల కోడలు ఉష గిన్నె గట్టిగా దించింది. "ఇనపడతా ఉండాది మామా!"

ఆ శుక్రవారమే కాపు చిన్నపోలయ్య కొత్త పడవ దిగింది. నీలం రంగు ఫైబర్ పడవ, రంగు వాసన ఇంకా పోలేదు. పేరమ్మ తెల్లవారకముందే లేచి తలస్నానం చేసింది. చెవి కింద వాపు కనబడకుండా పసుపు దట్టంగా రాసింది, జుట్టు ఎడమ చెవిమీదికి జారేలా ముడి వేసుకుంది. బిందె ఎత్తుకుని అలల దగ్గరికి పోయి నిలబడింది. అలలు పాదాల మీదికి వచ్చి పోతున్నాయి. పడవ చుట్టూ, దానిమీద పనిచేసే కళాసులు భుజాలు తడుముకుంటున్నారు. చిన్నపోలయ్య టెంకాయ కొట్టి, నీళ్ళు పడవ మూతిమీద చిలకరించి, "ఇంక రాక్కా" అని కేకేశాడు.

సరిగ్గా అప్పుడే ఐసు గది వెనక నుంచి ఆదిశేషమ్మ వచ్చింది. చేపల గంప తలమీద పెట్టుకుని, తల దించుకుని, గబగబా నడిచి వచ్చింది. మొగుడు సముద్రంలో పోయిన మనిషి ఆమె. పేరమ్మకు వరసకు ఆడబిడ్డ. పడవ దిగేది చూడనే లేదు పాపం, ఏ ఊరికో బస్సు అందుకోవాలన్న తొందరలో ఉంది.

మగవాళ్ళు చేతులు దించేశారు. ఒకడు ఉమ్మేశాడు. పేరమ్మ ఉన్నచోటి నుంచే అరిచింది.

"మే ఆదిశేషా! కళ్ళు కనపడటం లేదా? పడవ దిగతా ఉండాది. పక్కకి జరుగు!"

ఆదిశేషమ్మ ఉలిక్కిపడి, వచ్చిన దారినే వెనక్కి తిరిగి ఐసు గది గోడ వెనకకు పోయింది. కళాసులు ఇసకలో చతికిలబడి బీడీలు ముట్టించారు. చెడ్డ శకునం దాటిపోవాలంటే కాసేపు కూర్చుని, నోరు పుక్కిలించి లేవాలి. పేరమ్మ బిందె చంక మార్చుకుంది. ఇందులో ఆమెకు తప్పేమీ కనబడలేదు. వాకిట్లో చెత్త ఊడ్చినట్టు మామూలుగా ఎన్నోసార్లు చేసిన పని. చేసి మరిచిపోయే పని.

బీడీలు అయిపోయాయి. పేరమ్మ నడిచి వచ్చింది. పడవ ముందు ఆగి, "పోయి రండి నాయనా, నిండుగా రండి" అంది. అని నవ్వింది.

నవ్వు కుడిపక్కే వచ్చింది. ఎడమ మూల రాలేదు. రాలేదని ఆమెకు తెలియడానికి ముందే చిన్నపోలయ్య కళ్ళలో కనిపించింది. అతని చూపు ఆమె మూతిమీద ఆగి, కిందికి జారి, పక్కకి పోయింది. పడవ తొయ్యడానికి వంగిన ఒక కుర్రకళాసు పక్కవాడి వంక చూశాడు. పడవను తోశారు, ఇంజను అందుకుంది, నీలం పడవ అల మీదికెక్కి దిగింది.

పేరమ్మ ఇంటికొచ్చి బిందె దించి, ఉష చేతిలోంచి మజ్జిగ గ్లాసు తీసుకుని తాగింది. ఎడమ మూల నుంచి మజ్జిగ గడ్డం మీదికి కారింది. ఉష తన కొంగుతో తుడవబోతే చెయ్యి పట్టుకుని ఆపింది.

"మీ ఆయనకి చెప్పు. నెల్లూరికి ఫోన్ చెయ్యమను" అంది.

*

ఆపరేషనుకు ముందు నర్సు ఏసుమణి ముక్కుపుడక తీయించింది, గాజులు తీయించింది, పసుపుతాడు దగ్గర ఆగింది.

"అమ్మా, కోసేది మెడే గదా. ఇది ఉంచకూడదు. నువ్వే తీసి మీ ఆయన చేతిలో పెట్టు. ఆపరేషన్ అయినాక ఆయనే వేస్తాడు."

కామాక్షయ్య మోకాళ్ళు పట్టుకుని లేచి వచ్చి చెయ్యి చాపాడు. పేరమ్మ తాడు తీసి అతని అరచేతిలో పెట్టింది. బోసి మెడ తడుముకుంది. పెళ్ళయిననాటి నుంచీ ఆ మెడ ఒక్క పూట ఖాళీగా లేదు. చల్లగాలి తగిలినట్టయింది. ఆ క్షణంలో ఆమెకు ఎందుకో ఆదిశేషమ్మ గుర్తొచ్చింది, ఆదిశేషమ్మ మెడ గుర్తొచ్చింది. ఇలా ఉంటుందా దానికి రోజూ అనుకుంది. ఇంతలో స్ట్రెచరు కదిలింది. లైట్ల కింద డాక్టర్ క్యాథరిన్ మాస్కు పెట్టుకుని కళ్ళు మూసుకుని నిలబడి ఉంది. నీ ప్రార్థన నువ్వు చేసుకో తల్లీ అనుకుంటూ పేరమ్మ కూడా కళ్ళు మూసుకుంది. రెండు కళ్ళూ ఆ మాత్రమైనా మూసుకోవడం ఇక చాలాకాలం ఆమె వల్ల కాదు. ఎడమది అప్పటికే పూర్తిగా మూతపడడం లేదు.

మెలకువ వచ్చేసరికి తల చుట్టూ కట్టు ఉంది, మెడలోంచి ఒక గొట్టం వచ్చి పక్కన సీసాలోకి పోతోంది. కాలి మడమ దగ్గర మంట, నరం తీసిన చోటు. నొప్పి చెవి దగ్గర లేదు. అక్కడ అసలు ఏమీ లేదు. బుగ్గ గిల్లుకుంటే వేరే ఎవరినో గిల్లినట్టుంది. నోరు తెరిచి మంచినీళ్ళు అడిగింది. మాట పెదాల దగ్గర జారిపోయింది. ఉషకు ముందు అర్థం కాలేదు, రెండోసారికి అర్థమై పరిగెత్తింది.

కట్టు మార్చేప్పుడు పేరమ్మ ఉష సెల్‌ఫోన్ అడిగింది.

"వొద్దత్తా. నాలుగు రోజులు పోనీ."

"ఇయ్యమ్మే."

ఉష కెమెరా పెట్టి ఎదురుగా పట్టుకుంది. కుడిపక్క ఉన్నది తనే. ఎడమపక్క ఉన్నది ఎవరో ముసలామె. ఆ ముసలామె కన్ను పెద్దగా తెరుచుకుని ఉంది, కింది రెప్ప వేలాడి ఎర్రగా కనబడుతోంది, బుగ్గ దిగజారింది, మూతి కుడివైపుకు గుంజుకుపోయింది. చెవి కింద నుంచి మెడదాకా కుట్లు. పేరమ్మ చాలాసేపు చూసింది. భయం వేసింది, చెప్పలేనంత దుఃఖం వచ్చింది. ఏడిస్తే కుట్లు లాగుతాయని ఉష బతిమాలుతుంటే ఆపుకుంది. అయినా ఎడమకంట్లోంచి నీళ్ళు కారుతూనే ఉన్నాయి. ఆ కన్ను ఇక ఏడుపు వచ్చినా రాకపోయినా కారుతూనే ఉంటుంది.

ఏసుమణి కంట్లో చుక్కలు వెయ్యడం నేర్పింది. పగలు గంట గంటకూ చుక్కలు, రాత్రి మందు రాసి రెప్పమీద ప్లాస్టర్. "ఎండిపోతే చూపు పోద్దమ్మా, మరిచిపోవద్దు. ఎవురో ఒకరు వేస్తా ఉండాల. నువ్వే వేసుకుంటే సరిగా పడదు."

డాక్టరమ్మ వచ్చి కుట్లు చూసి, గొట్టం తీయించింది. "గడ్డంతా తీసేశాను. కోసిన అంచుల్లో జబ్బు మిగిలిందో లేదో రిపోర్టు రావాలి. పుండు మానాక మళ్ళీ కరెంటు ఉంది. ఈసారి మధ్యలో లేచిపోతే నేనే మీ పాలెం వచ్చి లాక్కొస్తా."

"ఇంక దేనికి లేస్తానమ్మా" అంది పేరమ్మ ముద్దముద్దగా. "నేను పోకపోతే ఆగే పడవలు లేవు గదా ఇప్పుడు."

డాక్టరమ్మ రెప్ప సంగతి చెప్పింది. అన్నీ కుదుటపడ్డాక పైరెప్పలో చిన్న బంగారం ముక్క పెట్టొచ్చు, ఆ బరువుకు రెప్ప దిగుతుంది, కన్ను మూసుకోవచ్చు. ఆమె వెళ్ళాక పేరమ్మ కోడలితో, "మెళ్ళో ఏసుకోడానికి లేదు గానీ రెప్పలో పెడతారంట బంగారం" అంది. ఇద్దరూ నవ్వారు. ఉష నవ్వుతూ నవ్వుతూ మొహం తిప్పుకుని ముక్కు చీదుకుంది.

వినోద్ రోజూ వచ్చాడు. ఇడ్లీ తెచ్చాడు, కొబ్బరినీళ్ళు తెచ్చాడు, మందులకు పోయి వచ్చాడు. వచ్చినప్పుడల్లా సీసా చూశాడు, సెలైను చూశాడు, తల్లి పాదాలు చూశాడు, పాదాల దగ్గర దుప్పటి సర్దాడు. పేరమ్మ ఎదురుచూసింది. ఇవాళ చూస్తాడు, రేపు చూస్తాడు అనుకుంది. మోసి కని పెంచిన తల్లి మొహం అది, వాడు పుట్టగానే మొదట చూసిన మొహం. ఇంటికి పోయే రోజు ఆటోలో కూడా వాడు డ్రైవరు పక్కన కూర్చున్నాడు.

*

పాలెం ఆడవాళ్ళు వచ్చి చూసి పోయారు. వచ్చినవాళ్ళు వాకిట్లో ఆగి, "ఎట్లుండావక్కా" అని కామాక్షయ్య వంక చూస్తూ అడిగారు. ఒకామె చంటిబిడ్డ మొహానికి కొంగు అడ్డం పెట్టింది. పేరమ్మ అది చూసింది. చూడనట్టు చాప మీదికి ఒరిగింది.

పొద్దువాలాక చిన్నపోలయ్య వచ్చి అరుగుమీద కామాక్షయ్య పక్కన కూర్చున్నాడు. వాళ్ళ మాటలు గొంతు తగ్గించుకున్నా లోపలికి వినబడ్డాయి.

"ఆసుపత్రి తిరుగుడులో వినోద్ పడవ ఇన్ని రోజులు ఒడ్డునే ఉండిపోయింది. ఇంజను కూడా బాగుచేపించినాడు. రేపు దిగతాడంట."

"దిగనీ."

"అదే బావా... మళ్ళీ మొదలు పెడతా ఉండాడు గదా. ఎదురు ఎవురన్నది... ఉష అయితే బాగుంటదని నలుగురూ అనుకుంటా ఉండారు. అక్కకి వొంట్లో బాగాలేదు. ఆమెని శ్రమ పెట్టకూడదు."

కామాక్షయ్య దారం కొరికిన చప్పుడు వినబడింది.

"ఇంకోటి బావా. ఏమనుకోవద్దు. పడవలు పోయేదాకా అక్క ఇంట్లోనే ఉంటే..."

"వినోద్ ఏమన్న్యాడు?"

"వాడు... సరే అన్న్యాడు."

పేరమ్మ లోపల చీకట్లో పడుకుని వింటోంది. చిన్నపోలయ్య చెడ్డవాడు కాదు. ఆపరేషనుకు రక్తం ఇవ్వడానికి వచ్చిన వాళ్ళలో అతనూ ఉన్నాడు. ఆమెకు అతని మీద కోపం రాలేదు. అతని చోట తనుంటే ఇదే మాట ఇంకా గట్టిగా చెప్పేది.

తెల్లవారుతుండగా అలవాటుకొద్దీ లేచి ఇత్తడి బిందె కోసం చెయ్యి చాపింది. బిందె చోట బిందె లేదు. వాకిట్లో ఉష తడిజుట్టుతో, పసుపు మొహంతో, బిందె చంకన పెట్టుకుని నిలబడి ఉంది. అత్తను చూసి తల దించుకుంది.

"నేను పోనన్న్యానత్తా. నీ కొడుకు..."

"కుడి చంకన కాదు, ఎడమ చంకన పెట్టుకో" అంది పేరమ్మ. ముందుకొచ్చి బిందె సర్ది, కోడలి కొంగు భుజం నిండా కప్పింది. "తొందర పడొద్దు. నిదానంగా నడువు. మొహం చూసి నవ్వు."

ఉష కళ్ళ నిండా నీళ్ళతో సముద్రం వైపు పోయింది. కామాక్షయ్య అరుగుమీద నుంచి, "లోపలికి రా పేరీ" అన్నాడు. పేరమ్మ లోపలికి పోలేదు. ఇంట్లో దాక్కుని కూర్చోవడం ఆమె వల్ల కాలేదు. పడవ దిగేది చూడకుండా ఉండడం అంతకన్నా కాలేదు. కంటి చుక్కల సీసా బొడ్లో దోపుకుని, మగవాళ్ళకు కనబడకుండా సరుగుడు చెట్ల వెంబడి చుట్టూ తిరిగి ఐసు గది వెనకకు చేరింది.

అక్కడ ఆదిశేషమ్మ ఉంది. పగిలిపోయిన ఐసు పెట్టె ఒకటి బోర్లించి దానిమీద కూర్చుని ఉంది. చేపల గంప పక్కన పెట్టుకుంది. పేరమ్మను చూసి లేవబోయి, ఆమె ఎందుకు వచ్చిందో అర్థమై, లేవకుండా పెట్టెమీద ఒక పక్కకి జరిగింది.

"కూచో వదినా."

పేరమ్మ కూర్చుంది. గోడ చెమ్మగా ఉంది. కుళ్ళిన చేపనీళ్ళ వాసన. కాళ్ళ కింద ఇసక గట్టిపడి, నున్నగా ఉంది. ఎన్నో ఏళ్ళుగా ఒకే మనిషి కాళ్ళు ఆనిన చోటు.

"రోజూ ఈడేనా కూచునేది?"

"పడవలు పోయిందాకా. అవి పోయినాక గంప ఎత్తుకుంటా."

"వాన పడితే?"

"తడుస్తా."

ఆదిశేషమ్మ ఆమె మొహం వంక చూసింది. కళ్ళు తిప్పుకోకుండా, మెడదాకా కుట్లన్నీ చూసింది. "ఏడవొద్దు వదినా."

"ఏడుపు కాదు. ఈ కన్ను మూతబడదు." పేరమ్మ కొంగుతో బుగ్గ తుడుచుకుంది. "నిన్ను నేను శానాసార్లు అరిచినా గదా" అంది.

"నువ్వొక్కదానివేనా? అందరూ అరస్తారు." ఆదిశేషమ్మ గంపలో ఆకులు సర్దింది. "నీ గొంతు పెద్దది. ముందే ఇనపడేది. నీ కేకకి నేను తొందరగా దాక్కునేదాన్ని, అదే మంచిదయ్యేది నాకు."

ఆమె ఎత్తిపొడవలేదు. ఉన్నదే చెప్పింది. అందుకే పేరమ్మ గుండెలో అది దిగబడిపోయింది. చచ్చిపోకూడదని కోయించుకుంది, కాలి నరం ఇచ్చింది, కన్ను ఇచ్చింది, నవ్వు ఇచ్చింది. ఇన్నీ ఇచ్చి బతికి వచ్చింది ఈ గోడ వెనక కూర్చోడానికా? మరి ఆదిశేషమ్మ ఏమిచ్చి ఇక్కడికి వచ్చింది? ఆమె మొగుణ్ణి సముద్రం తీసుకుంటే ఆమె మొహం ఏం చేసింది? సిగ్గు, కోపం రెండూ ఒక్కసారే తన్నుకొచ్చాయి. కోపం ఎవరిమీదో తెలియలేదు. తన మీదే ఎక్కువ.

అవతల చిన్నపోలయ్య గొంతు వినబడింది. "ఇంక రామ్మా ఉషా!"

పేరమ్మ లేచింది. ఆదిశేషమ్మ చెయ్యి పట్టుకుంది. "లెయ్."

"యాడికి వదినా? వొద్దు వొద్దు, వదులు. నీ కొడుకు పడవ!"

"నా కొడుకు పడవ గాబట్టే. లెయ్."

ఇద్దరూ గోడ దాటి ఇసకలోకి వచ్చారు. అలల దగ్గర ఉష బిందెతో నిలబడి ఉంది, ఇంకా అడుగు వెయ్యలేదు. పడవ చుట్టూ ఉన్నవాళ్ళు ఇటు తిరిగారు. భుజాలు దిగాయి. ఒక్కొక్కరే ఇసకలో కూర్చున్నారు. ఒకడు బీడీ తీశాడు గానీ ముట్టించలేదు. పేరమ్మ నడుస్తూనే ఉంది. కాలి కుట్టు లాగుతోంది. చేతిలో ఆదిశేషమ్మ చెయ్యి జారిపోవాలని చూస్తోంది, పేరమ్మ వదల్లేదు. పడవ ముందుకు వచ్చి ఆగింది.

ఎవరైనా అరవాలి. అలాంటప్పుడు అరిచేది పేరమ్మే, ఇప్పుడు అరవడానికి ఎవరికీ నోరు రాలేదు. కూర్చున్నవాళ్ళంతా వినోద్ వంక చూశారు.

వినోద్ పడవ అంచుమీద చెయ్యి వేసుకుని ఇసక చూస్తూ అన్నాడు.

"మో... రోంత పక్కకి జరుగు."

"ఎవుర్ని రా జరగమంటా ఉండావు?" అంది పేరమ్మ. పెదాలు సహకరించక మాట జారింది, అయినా అందరికీ వినబడింది. "నా మొహం చూసి చెప్పు. ఆపరేషన్ అయినకాడి నుంచీ నువ్వు నా మొహం చూళ్ళా. చూసి చెప్పు, జరుగుతా."

వినోద్ తల ఎత్తలేదు. గాలికి పడవలోని వల అంచు కొట్టుకుంటోంది. చివరికి తల ఎత్తి చూశాడు. వేలాడే రెప్పను చూశాడు, జారిన బుగ్గను చూశాడు, మెడమీద కుట్లు చూశాడు. కంటి నుంచి కారి గడ్డం కింద చేరిన నీళ్ళు చూశాడు. అతని మూతి చిన్నప్పుడు ఏడవబోయే ముందు వణికినట్టు వణికింది.

"నొప్పిగా ఉండాదా మో?" అన్నాడు.

ఇన్ని రోజుల్లో వాడు ఆ మాట అడగడం ఇదే మొదటిసారి.

"నొప్పి లేదు రా. తిమ్మిరి, అంతే."

వినోద్ మొహం తుడుచుకుని వెనక్కి తిరిగాడు. "లెయ్యండి. తోద్దాం."

ఎవరూ లేవలేదు. కళాసులు ఇద్దరు చిన్నపోలయ్య వంక చూసి, పంచెలు దులుపుకుని ఊళ్ళోకి నడిచారు. చిన్నపోలయ్య తలగుడ్డ విప్పి, మళ్ళీ చుట్టుకుని, వాళ్ళ వెనకే పోయాడు. మిగిలినవాళ్ళు లేచి నిలబడ్డారు గానీ చేతులు చాలవు. ఉష బిందె ఇసకలో దించి, కొంగు నడుముకు చుట్టి వచ్చి పడవకు భుజం ఆనించింది. ఎవరూ వద్దనలేదు.

పడవ కదిలింది. ముందు ఇసక పట్టి ఆపింది, తర్వాత నీళ్ళు అందుకున్నాయి. పేరమ్మ పక్కకి జరిగి దారి ఇచ్చింది.

"పోయి రండి నాయనా, నిండుగా రండి" అంది. సగం మాటలు గాలిలో పోయాయి. నవ్వు ఒక పక్కకే వచ్చింది. వినోద్ పడవ ఎక్కాక ఒకసారి వెనక్కి తిరిగి చూసి, ఇంజను తాడు లాగాడు.

అలల చప్పుడులో ఇంజను కలిసిపోయేదాకా ముగ్గురు ఆడవాళ్ళూ అక్కడే నిలబడ్డారు. పొద్దు పైకి వచ్చింది.

"వల ఖాళీగా వస్తే మనల్నే అంటారు వదినా" అంది ఆదిశేషమ్మ.

"అననీ."

పేరమ్మ ఇసకలో కూర్చుంది. బొడ్లోంచి చుక్కల సీసా తీసి ఆమెకు అందించింది. గాలికి కన్ను మండుతోంది. "గంట దాటింది. రెండు చుక్కలు వెయ్యి."

ఆదిశేషమ్మ సీసా తీసుకోలేదు. ఉష వంక చూసింది. "పొద్దు పొద్దున్నే నా చెయ్యా? కోడలుండాది గదా."

"నీ చెయ్యే. వెయ్యి, ఎండిపోతా ఉండాది" అని పేరమ్మ మొహం పైకెత్తింది.